మోకాలికిచ్చిన ఏడు పాయింట్లు

ఈ రోజు ఉదయం నావి కాని ఏడు పాయింట్లతో షటిల్ ఫైనల్ గెలిచాను. ఓడినవాడు కోపగించుకోలేదు. రాకెట్ చంకలో పెట్టుకుని వచ్చి చెయ్యి కలిపి, "బాగా ఆడినావన్నా" అన్నాడు. వాళ్ళమ్మ మాత్రం నా మోకాలి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

అల్లూరులో మా చర్చి వెనక ఖాళీ స్థలంలో ఏళ్ళ తరబడి సాయంత్రాలు షటిల్ ఆడుతున్నాం. నాకు రొయ్యల మేత కొట్టు ఉంది. రొయ్యల గుంటల దగ్గర పని ముగించుకుని వచ్చేవాళ్ళు, టీచర్లు, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మా సంఘపెద్ద, అందరం అక్కడ చేరతాం. మాలో అసలైన ఆటగాడు ఒక్కడే. సముద్రం ఒడ్డున పాలెంలో ఉంటాడు, చేపల వేటకు పోతాడు. నేను తమ్ముడూ అని పిలుస్తాను. ఒకప్పుడు అతనితో ఆట అంటే మాకు చెమట పట్టేలోగా అయిపోయేది. రోజూ ఎవరు ఓడిపోతారు? ఒక్కొక్కరే రావడం మానేశారు. కొన్నాళ్ళు అతను చర్చి గోడకు షటిల్ కొట్టుకుంటూ ఒక్కడే ఆడుకున్నాడు.

తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే మా బావమరిది అప్పుడొక ఉపాయం చెప్పాడు. అక్కడ అతని పై ఆఫీసర్లు గోల్ఫ్ ఆడతారు. బంతిని ఎంత తక్కువ దెబ్బల్లో గుంతలో వేస్తే అంత గొప్ప. చేతకానివాడి లెక్కలోంచి కొన్ని దెబ్బలు ముందే తీసేస్తారట. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. అలా కొత్తవాడు కూడా ఆరితేరినవాడితో పోటీపడొచ్చు.

"అందులో దొంగలుండరా బావా?" అని అడిగాను.

"ఉండకేం? పోటీకి ముందు కావాలని చెత్తగా ఆడేవాళ్ళుంటారు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు," అన్నాడు. ఆ మాటకు నేనే పెద్దగా నవ్వాను.

మేం ఆ పద్ధతిని షటిల్‌కు మార్చుకున్నాం. ఆట తక్కువైనవాడికి ముందే కొన్ని పాయింట్లు. ఎవరికి ఎన్నో సంఘపెద్ద రోజూ ఆట చూసి చెబుతాడు. అందరికంటే ముందు ఒప్పుకున్నది పాలెం తమ్ముడే. "నాకు ఆడేదానికి మనుషులుంటే చాలన్నా" అన్నాడు. మానేసినవాళ్ళంతా తిరిగొచ్చారు. ఆ పద్ధతి తప్పని నేను ఇప్పటికీ అనను.

ఏడాదికోసారి పోటీ పెడతాం. గెలిచినవాడికి నాటుకోడి. ఆ రాత్రికి వాళ్ళింట్లోనే కోడికూర, దోసెలు. అందరం వెళ్ళి తినాలి, అది ఆచారం. పాలెం తమ్ముడు ప్రతిసారీ ఫైనల్‌కు వచ్చి కొద్దిలో ఓడిపోతున్నాడు. అందుకని మాలో ఎవరూ ఇంతవరకూ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆటలో గెలవకుండా పిలిస్తే మేం వస్తామో రామోనని అతనికి బెరుకు. పిలవకుండా వెళ్ళాలన్న ఆలోచన మాకు రాలేదు. ఈసారి వాళ్ళమ్మ నిన్ననే బియ్యం నానబోసి పిండి రుబ్బిందట. కొడుకు గెలవడం చూడాలని ఈ రోజు ఆమె కూడా వచ్చింది.

నా సంగతి చెప్పాలి. పోయిన వానల్లో రొయ్యల గుంట గట్టు మీద జారి మోకాలు బెణికింది. సంఘపెద్ద నాకు ఏడు పాయింట్లు ఇచ్చాడు. ఎండలు ముదరకముందే నొప్పి పోయింది. కానీ పట్టీ తియ్యలేదు. దూరంగా పడే షటిల్‌ను అందుకోగలిగీ వదిలేసేవాణ్ణి. కొన్నాళ్ళకు కుంటడం ఎంత అలవాటైందంటే కొట్లో కూడా కుంటేవాణ్ణి.

ఆట మొదలయ్యే ముందు సంఘపెద్ద విజిల్ ఊది, "ఏడు, సున్నా" అన్నాడు.

పాలెం తమ్ముడి తల్లి ఊరుకోలేదు. "ఆట మొదలుకాకముందే ఆయనకి ఏడా? వల వెయ్యకముందే బుట్ట నిండినట్టుండాదే!"

"ఆయనకి మోకాలు బాగలేదమ్మా."

"బాగలేకపోతే ఇంట్లో కూసోమను సామీ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివర్లో ఇద్దరి పాయింట్లూ దగ్గరగా ఉన్నప్పుడు అతను నెట్ పక్కన సన్నగా షటిల్ జార్చాడు. నా కాళ్ళు నన్ను అడగలేదు. వెనక గీత దగ్గర్నుంచి పరుగెత్తి, ఎగిరి కొట్టాను. అతను ఒక్క క్షణం నా మోకాలి పట్టీ చూసి తల దించుకున్నాడు. "స్తోత్రం! ప్రార్థన ఫలించి మోకాలు బాగైందిరా!" అని సంఘపెద్ద అరిచాడు. ఆయన నిజంగానే సంతోషించాడు.

కోడిని తెచ్చి పెరట్లో కట్టేశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"నిన్న గ్యాసు బండ నా చేత మోయించినావు. ఇవాళ ఎగిరి కొట్టినావంట?"

"ఆ క్షణానికి అట్లా..."

"నాకెందుకు చెబుతావు? ఆ పిండి రుబ్బినామెకు చెప్పు."

మధ్యాహ్నం కొట్లో కాటా ముందు కూర్చున్నాను. రోజూ పొద్దున కొట్టు తెరవగానే తూకంరాయి వేసి కాటా సరిచూసుకునే మనిషిని నేను. పాయింట్ల పద్ధతి కూడా కాటాలాంటిదే. బలం తక్కువైన పళ్ళెంలో కొంచెం బరువు వేసి రెండూ సరిచేస్తుంది. కానీ ఆ పళ్ళెంలో ఎంత తక్కువుందో చెప్పవలసింది అందులో ఉన్న మనిషే. సంఘపెద్ద నేను చూపించినంతే చూడగలడు. చేతకానివాడికి చోటివ్వడానికి మాలో అందరికంటే చేతనైనవాడు ఒప్పుకున్న పద్ధతి అది. ఆ మంచితనాన్నే నేను వాడుకున్నాను.

సంఘపెద్దకు ఫోన్ చేసి నిజం చెప్పాను. "నేను స్తోత్రం కూడా చెప్పినాను కదరా" అన్నాడు. కోడిని సంచిలో పెట్టుకుని, పట్టీ విప్పేసి, బండి మీద పాలెం వెళ్ళాను.

తమ్ముడు సరుగుడు చెట్ల కింద వల బాగుచేస్తున్నాడు. నిలబడే చెప్పాను. "మోకాలు ఎండాకాలానికే బాగైంది తమ్ముడూ. నటించినాను. కోడి నీది."

"తెలుసన్నా."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు ఒక్కోరోజు ఒక్కో కాలు కుంటతావుంటే తెలీదా?" వలలోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "ఏమన్నా అంటే నువ్వు ఆటకు రాకుండా పోతావని ఊరుకున్నా."

సంచి అతని ముందు పెట్టాను. వెనక్కి తోశాడు. "ఊరికే ఇస్తే వద్దు. ఆడి తీసుకుంటా."

రెండు సరుగుడు మానుల మధ్య పాత వల కట్టి, ఇసుకలో గీతలు గీశాం. కోడిని తిరిగిస్తానని ఫోన్‌లో విన్న సంఘపెద్ద మిగతావాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి విజిల్ ఊదాడు. "సున్నా, సున్నా." ఉన్న బలమంతా పెట్టి ఆడాను. ఉదయం నేను సొంతంగా తెచ్చుకున్నన్ని పాయింట్లు కూడా రాలేదు. ఆరునెలల తర్వాత మొదటిసారి నేనెంతవాణ్ణో నాకు సరిగ్గా తెలిసింది. విచిత్రంగా అది హాయిగానే ఉంది.

"వచ్చే ఏడాది ఈయనకి ఎన్ని ఇద్దాం?" అని సంఘపెద్ద అడిగాడు.

"నాలుగియ్యండి," అన్నాడు తమ్ముడు. "మోకాలికి కాదు, ఆటకి."

వాళ్ళమ్మ పొయ్యి రాజేసి దోసెల పెనం పెట్టింది. మావాళ్ళంతా ఆ ఇంటి ముందు చాపల మీద కూర్చున్నారు. నేనూ కూర్చోబోతుంటే ఆమె కోసి తెచ్చిన కోడిని, వేడినీళ్ళ బకెట్‌ను నా ముందు పెట్టింది.

"ఎగిరి కొట్టే మోకాలు గదా. కూసోని ఈకలు పెరుకు."

గొంతుక్కూర్చుని, ఒక్క ఈక కూడా మిగలకుండా పెరికాను.