మూడు ముళ్ల కవరు

2022, వానకాలం. సిరిసిల్లలో మా అద్దె ఇంటి ముందు గదిలో ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన స్క్రంచీలు. నా ఫ్యాక్టరీ, షోరూము, హెడ్డాఫీసు అన్నీ అదే గది. మా ఆయన పవర్‌లూమ్ మీద బట్ట నేస్తడు, నేను బట్ట కోసి జుట్టుకు పెట్టుకునేవి కుడత. ఇంట్లో నా సరుకు పనికిరానిది ఆయనకొక్కనికే. ఆయనది బట్టతల. బట్టతోనే బతకాలని మా ఇద్దరికీ ఎట్లనో రాసిపెట్టి ఉన్నది.

స్క్రంచీ అంటే తెలియనివాళ్లకు చెప్త. జానెడుకు రెండింతల పొడవున్న గుడ్డ పీలికను తిరగేసి గొట్టంలా కుట్టాలె. సేఫ్టీ పిన్నుతో దాన్ని బయటికి మలపాలె, దీన్ని టర్నింగ్ అంటం. లోపల ఎలాస్టిక్ దూర్చి రెండు కొసలు కలిపితే కుచ్చులు కుచ్చులుగా ముడుచుకుని జడకు పువ్వులా కూర్చుంటది. పని చిన్నదే, కానీ కోత సాఫుగా రావాలె. కోతలు కొయ్యడంలో నాకు మా వాడలో పేరున్నది, గుడ్డవైనా మాటలవైనా.

ఆ రోజు పొద్దున జమున వచ్చింది. ముప్పై ఏండ్లుంటయి. మా అవ్వగారి ఊరి పిల్లే. మా దిక్కు అమ్మను అవ్వ అంటం. మొఖం తెలుసుగానీ ఎక్కువ మాట్లాడుకున్నది లేదు. చేతిలో నల్ల ప్లాస్టిక్ కవరు, దానికి మూడు ముళ్లు. మూడు ముళ్లు పెండ్లిలోనే వేస్తరనుకున్న, కవరుకు కూడా వేస్తరని అప్పుడే చూసిన.

"అక్కా, మా అవ్వ చీరె," అన్నది. "పోయి పది నెలలాయె. మేం ముగ్గురక్కచెల్లెండ్లం, తలా ఒకటి కావాలె. ఏడాది మాసికానికి అందరం కలుస్తం, అప్పుడు వాళ్ల చేతుల పెడత."

"మొత్తం కొయ్యాల్నా?"

"వద్దొద్దు. కొంగు దిక్కు కొయ్యి. మిగిలింది నాకే ఇయ్యి. పోయినోళ్ల బట్టలు ఇంట్ల ఉంచొద్దని అన్నీ ఇచ్చేసిండ్రు. గిదొక్కటే దాసిపెట్టిన. జర పైలంగ చూడక్కా."

"నా చేతుల పడ్డంక ఫికర్ చెయ్యకు చెల్లె. కొత్త దాని లెక్క చేసిస్త."

"కొత్త దాని లెక్క వద్దక్కా," అన్నది జమున. ఇంకేదో అనబోయి ఆగింది. మొహమాటపడుతున్నదనుకుని నవ్వి పంపించిన. అడిగి ఉంటే అర నిమిషం పట్టేది. నాకు మాట్లాడడానికే తీరిక, వినడానికి ఎక్కడిది?

ఆమె పోయినంక ముళ్లు విప్పిన. మూడో ముడి ఊడంగనే గుప్పుమన్నది తంబాకు వాసన. తంబాకు, బీడీలు చుట్టే తడిసిన తునికాకు, వాటి కింద చెమట, కొబ్బరినూనె. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన వాసన. పాపం, ఈ వాసన నాకు తగలొద్దని సిగ్గుపడి ఇన్ని ముళ్లు వేసిందనుకున్న. పిల్లకు మేలు చేద్దామని బకెట్ల వేసిన.

మా పనిలో ప్రీ-వాష్ అని ఒక పద్ధతున్నది. కొత్త బట్ట కుదించుకుపోతది, రంగు దిగుతది, అందుకని కొయ్యకముందే ఒకసారి నీళ్లలో తీస్తం. ఒకసారి. ఆ చీరెను నేను మూడుసార్లు ఉతికిన. మొదటిసారికి వాసన తగ్గింది. రెండోసారికి నా ముక్కుకే అనుమానంగా మిగిలింది. మూడోసారి, బట్టలకు పూల వాసన రావాలని పోసే నీలి మందు రెండు మూతలు పోసిన. ఆరేసి, ఇస్త్రీ చేసి, కొంగులో మూడు పీలికలు కోసి కుట్టిన. ముదురాకుపచ్చ మీద సన్న పసుపు గీతలు. అంత మంచి కుచ్చు నాకు మళ్ల రాలే. ఫొటోలు కూడా తీసుకున్న.

నాలుగో రోజు జమున వచ్చింది. ఎవరైనా స్క్రంచీ చేతికియ్యంగనే జుట్టుకు పెట్టి అద్దంలో చూసుకుంటరు. ఈమె ముక్కు దగ్గర పెట్టుకున్నది. తర్వాత రెండోది. తర్వాత మిగిలిన చీరె తీసుకుని మడత విప్పి మొఖం దాంట్ల పెట్టింది. అట్లనే ఉన్నది. నేను మెచ్చుకోలు కోసం నిలబడ్డ.

"ఉతికినవా?"

"కొంచెం నీళ్లల్ల ముంచిన."

"కొంచెమా?"

ఆమె నా దిక్కు చూసింది. "మూడుసార్లు," అన్న.

జమున ఇస్త్రీ బల్ల అంచుకు కూర్చున్నది. "కవరుకు మూడు ముళ్లేసిచ్చిన గదక్కా."

"వాసన బయటికి రావద్దని వేసినవనుకున్న."

"అవును. బయటికి పోవద్దనే వేసిన. పోయిన నాడు అవ్వ కట్టుకున్న చీరె గది. మస్తు యాదికొచ్చిన నాడు ముళ్లు ఇప్పి, వాసన చూసి, మళ్ల వేస్తుంటి."

నాకు ఇంకా తెలివి రాలే. ప్రీ-వాష్ అని మా పనిలో ఒక పద్ధతున్నదని మొదలుపెట్టిన.

"ఎన్నేండ్లు ఉతికి కట్టిన చీరె అక్కా గిది," అన్నది మెల్లగ. "ఇంకేం రంగు దిగుతది, ఇంకేం కుదించుకుంటది?"

ఆ సంగతి ఆమెకంటే ముందు నాకు తెలియాలె. పాత చీరెకు ప్రీ-వాష్ అక్కర్లేదని కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేనే చెప్త.

"టౌన్ల పెద్ద పెద్ద బొటీకులున్నయి," అన్నది జమున. "గాళ్లకిస్తే ముక్కు మూసుకుని ఉతుకుతరని నీ దగ్గరికి తెచ్చిన. నువ్వు గూడ బీడీలు చేసినామె బిడ్డవే గదా అని."

మా అవ్వ, వాళ్లవ్వ ఒకే అరుగు మీద ఎదురెదురుగ కూర్చుని బీడీలు చుట్టిండ్రు. నేను కత్తెర పట్టడం నేర్చుకున్నది కుట్టుసెంటర్ల కాదు, తునికాకు మీద. రేకు ముక్క అచ్చు పెట్టి ఆకులు కోసిచ్చేదాన్ని. ఈ కోత చేతికి వచ్చిందే అక్కడ. బడిలో నా పక్క పిల్ల ముక్కు మూసుకుని జరిగి కూర్చునేది. పెండ్లయి టౌనుకు వచ్చినంక ఆ వాసన నా ఇంటి గడప తొక్కకుండ చూసుకున్న. జమున తెచ్చిన కవరును నేను విప్పినప్పుడు నాకు పద్ధతి యాదికి రాలేదు, ఆ పక్క పిల్ల యాదికొచ్చింది. ఆ పిల్ల చేసిన పనే నేను బకెట్ పెట్టి చేసిన.

జమున నన్ను ఉతికి ఆరేస్తదనుకున్న. తిడితే బాగుండు. ఆమె చీరె మడతపెట్టి, మూడు స్క్రంచీలు దాని మీద పెట్టి, కవరుల వేసుకుని పోయింది. ఈసారి ముడి వెయ్యలేదు.

పది రోజులు నా మిషను సరిగ నడవలేదు. మిషనుది తప్పేం లేదు. ఆగలేక వాళ్లింటికి పోయిన. జమున అరుగు మీద ఒళ్లో సాట పెట్టుకుని బీడీలు చుడుతున్నది. సాటలో తంబాకు కుప్ప. కుప్ప పక్కన ఏదో ఆకుపచ్చగ కనబడ్డది. చెయ్యి పెట్టి తీసి చూపించింది. మూడు స్క్రంచీలు.

"వారమాయె పెట్టబట్టి."

"వచ్చిందా?" అన్న.

"తంబాకు వాసన వచ్చింది. అవ్వ వాసన రాలే." మళ్ల కుప్పలో దూర్చింది. "చెల్లెండ్లకు చెప్పనులే అక్కా. గిదే అవ్వ వాసన అనుకుంటరు. నువ్వు పరేషాన్ కాకు."

క్షమించమని అడగడానికి పోయిన నన్ను ఆమె సముదాయించి పంపింది. నా తప్పును తన తంబాకులో కప్పిపెట్టి, సొంత చెల్లెండ్లకు అబద్ధం చెప్పడానికి కూడా సిద్ధపడ్డది. అంత మంచితనం ముందు నా సన్న కుట్టు, సాఫు కోత ఎందుకూ కొరగాకుండ పోయినయి.

ఆ తర్వాత పాత బట్ట ఎవరు తెచ్చినా కత్తెర కంటే ముందు నోరు తెరుస్త. ఈ బట్ట ఎవరిది, ఉతకాల్నా వద్దా, ముడి వేసి తెస్తే ఎందుకు వేసిండ్రు. గుడ్డ మీది మరకను, వాసనను తీసేసే హక్కు కుట్టేవాళ్లకు లేదు, అది తెచ్చినవాళ్ల సొత్తు. నా వృత్తిలో నేర్చుకున్నది ఇంతే. నేర్చుకోవడానికైన ఖర్చు మాత్రం జమున పెట్టుకున్నది.

మొన్న మా అవ్వ ఊరి నుంచి వచ్చింది. ఇప్పటికీ బీడీలు చేస్తది. లోపలికి రాకుండ వాకిట్ల నల్లా దగ్గర ఆగి, సబ్బుతో మోచేతుల దాకా కడుగుతున్నది. ఎప్పుడో నా పెండ్లయిన కొత్తల నేనే చెప్పిన, లోపలికి వచ్చేముందు కడుక్కొమ్మని. ఇన్నేండ్ల నుంచి కడుగుతనే ఉన్నది, నేను చూస్తనే ఉన్న.

ఉరికిపోయి నల్లా బందు చేసిన. "కడగకవ్వా. అట్లనే రా."

అవ్వ నురగ చేతులతో నిలబడి నన్ను వింతగ చూసింది.

"అలవాటైంది బిడ్డా," అన్నది. "నీకు పడదు గదా." మళ్ల నల్లా తిప్పుకున్నది.