మరక పిండిలోకి, పిండి ఎక్కడికి?

మనవరాలు సోఫా మీది నూనె మరకపై సీసాలోంచి ఏదో చిమ్మి తుడిచేసింది. అదెక్కడికి పోయిందని అడిగితే నవ్వింది. ఎనభై ఏళ్ల కిందట మా అవ్వనూ ఇదే అడిగాను.

తెల్లదొరల కాలం. కడప దగ్గర మా పల్లెలో, మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క మెత్తకుర్చీ, ఎర్ర మఖమల్‌ది. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరయ్యగారు వచ్చి కూర్చోవడానికే అది. ఒక శనివారం ఆముదం తలతో నేను దాని వీపుకు ఆనుకున్నాను. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ జిడ్డు నీళ్లకు లొంగేది కాదు. అవ్వ తిట్టుకుంటూనే మరక మీద జొన్నపిండి దట్టంగా అద్దింది.

"మరక యాడికి పోతాదవ్వా?"

"పిండిలేకి."

"మరి పిండి యాడికి పోతాది?"

"రేపు ప్రార్థనకు పోయేముందు దులుపుతా. నువ్వు నోరు మూసుకోని ఉండు."

ఆ సాయంత్రమే పాస్టరయ్యగారు అనుకోకుండా వచ్చి, నేరుగా అందులో కూర్చున్నారు. ఆయన మజ్జిగ తాగి, ప్రార్థన చేసి లేచారు. కుర్చీకి మరక నిజంగానే లేదు. వీధి వెంట వెళ్తున్న ఆయన నల్లకోటు వీపు మాత్రం తెల్లగా ఉంది.

"చూసినావా, పిండి యాడికి పోతాదో," అంది అవ్వ, గొంతు బాగా తగ్గించి.