సంత రోజు మారిన సంవత్సరం

నా మోకాలి ఆపరేషన్ అయి నేటికి నలభై మూడు రోజులు. ఖమ్మంలో మా ఇంటికి రోజు విడిచి రోజు ఒక అమ్మాయి వచ్చి ఫిజియోథెరపీ చేయిస్తుంది. మొన్న శుక్రవారం నలతగా ఉండి రావద్దని ఫోన్ చేస్తే, "సరే అమ్మమ్మా, మీకెప్పుడు వీలైతే అప్పుడే వస్తా" అంది. ఎంత మామూలు మాట! ఆ పూట నాకు అన్నం సయించలేదు. నేనూ ముప్పై నాలుగేళ్లు ఆ పనే చేశాను, కానీ ఆ మాట అనవలసిన రోజున ఒక తల్లితో అనలేకపోయాను.

నా ఇరవై నాలుగో ఏట, కొత్తగూడెం దాటాక అడవి మొదలయ్యే చోట ఒక చిన్న దవాఖానాలో ఉద్యోగంలో చేరాను. పట్టుకుని నడవడానికి రెండు కొయ్యలు, ఒక నిలువుటద్దం, నాలుగు ఇసుక సంచులు, అంతే నా గది. ఊళ్లో నన్ను "కాళ్లు పిసికే అమ్మ" అనేవారు. ఉడుక్కుంటూనే వచ్చినవారికల్లా చెప్పేదాన్ని: ఇది పిసకడం కాదు, చచ్చుబడిన కాలిని ఊరికే వదిలేస్తే కండరం కురచబారుతుంది, కీలు బిగుసుకుంటుంది, దాన్ని రోజూ కొంచెం కొంచెం సాగదీస్తూ, మిగిలిన బలానికి పని నేర్పుతూ పోతే మనిషి మళ్లీ నిలబడతాడు, నడుమ ఆపితే మాత్రం చేసినదంతా వృథా అని. అంత తెలిసినదాన్నే.

పోలియో పిల్లలకు మంగళవారం అని నేనే పెట్టాను. మంగళవారం మా ఊరి సంత, గూడేల నుంచి బండ్లు కట్టేది ఆ ఒక్కరోజే. పదకొండు కిలోమీటర్ల అవతలి నుంచి ఒక కోయ తల్లి ఆ బండి ఎక్కి నాలుగేళ్ల కూతుర్ని తెచ్చేది. మొదటి రోజు పిల్ల మడమ నేలకు మూడు వేళ్ల ఎత్తున ఉంది. నేను సాగదీసి, దిగినంత మేరకు, విప్పి మళ్లీ కట్టుకునేలా కొత్త పిండికట్టు వేసేదాన్ని. ఇంటి దగ్గర పూటకు ఇరవైసార్లు ఎలా వంచాలో తల్లికి నేర్పాను, ఆమె ఒక్క పూట తప్పలేదని పిల్ల కాలే చెప్పేది. లెక్కపెట్టమంటే ఆ పిల్ల ఏడు నుంచి పదికి దూకి కిలకిలా నవ్వేది. తొమ్మిది మంగళవారాలకు మడమ ఒక్క వేలి ఎత్తుకు దిగింది.

ఆ ఏడు వానలకు వాగు పొంగి మంగళవారం సంత సాగక, వ్యాపారులంతా కలిసి సంతను గురువారానికి మార్చారు. ఆ గురువారం ఆమె తడిసిన చీరతో, పిల్లను చంకనేసుకుని వచ్చింది. ఇవాళ నీ వారం కాదు, మంగళవారం రమ్మన్నాను. ఒకరికి సడలిస్తే అందరూ తోచిన రోజున వస్తారని నా భయం. ఆమె "అవ్ అమ్మా" అని వెనక్కి తిరిగింది. మా దవాఖానా ఆయమ్మే ఊరుకోలేదు. "ఏందమ్మా గిట్ల జేస్తివి? పిల్ల కాలుకు మంగళారం, బేస్తారం తెలుస్తయా?" అని మొహం మీదే అడిగింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆ రోజు నా రిజిస్టర్‌లో ఉన్నది ఇద్దరే, పదకొండున్నర తర్వాత ఎవరూ రాలేదు. సాయంత్రం నేనూ ఆ గురువారపు సంతలోనే కూరలు కొనుక్కున్నాను. మంగళవారం ఎందుకు పెట్టానో మరిచి, పెట్టిన వారాన్ని మాత్రం పట్టుకు కూర్చున్నాను. నాలుగు మంగళవారాలు ఆమె పేరుకెదురుగా గైర్హాజరు అని రాసి, ఐదో వారం పేరు కొట్టేశాను.

రెండేళ్లకు భద్రాచలం బస్టాండులో కనిపించారు. పిల్ల మునివేళ్ల మీద, తొడ మీద చెయ్యి ఆనించి ఒరుగుతూ నడుస్తోంది. తల్లి నన్ను గుర్తుపట్టి నవ్వి, "దండం బెట్టవే, నీ కాలు జూసిన అమ్మ" అంది. మళ్లీ ఎందుకు రాలేదని అడిగాను, అడిగే మొహం నాకున్నట్టు. "నీ వారం మాకు దొరకలే అమ్మా" అంది, తప్పు తనదే అన్నట్టు. అక్కడే కూర్చుని మడమ పట్టి చూశాను. వెనక నరం ఎండిన తాడులా బిగుసుకుంది, ఇక కత్తి పెట్టవలసిందే. పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాను. వెళ్లారో లేదో తెలియదు.

ఇప్పుడు ఎంత మారింది! పల్స్ పోలియో చుక్కలతో ఆ రోగమే కనబడకుండా పోయింది, వైద్యం చేసేవారే గుమ్మం దాకా వస్తున్నారు, ఏ రోజో, ఏ గంటో ఎంచుకునేది రోగే. మా కాలపు వాళ్లం నియమం తప్పనివాళ్లమని గొప్పగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకున్నాను. నాకిప్పుడు డెబ్బై ఒకటి. ఆ పిల్ల బతికి ఉంటే యాభై ఒకటి. నీళ్లకని, కట్టెలకని, తునికాకుకని ఇన్నేళ్లలో ఆమె ఆ మునివేళ్ల మీద ఎన్ని అడుగులు వేసి ఉంటుందో, ఆ ఒక్క లెక్క కట్టడానికి నాకు ధైర్యం చాలదు.