మనిషి పట్టే కిటికీ

ఆ రోజుల్లో నాకు భయం తక్కువ, నోరు ఎక్కువ. అమెరికాలోని నోవైలో మొదటి ఉద్యోగంలో చేరి, బాబాయి వాళ్ళింట్లో నేల కిందుండే బేస్‌మెంట్ గదిలో దిగాను. గది బాగానే ఉండేది. కిటికీ మాత్రం గోడ పైఅంచున చెప్పుల పెట్టె మూతంత. అందులోంచి చలికాలంలో మంచు, ఎండాకాలంలో బాబాయి గోంగూర మొక్కల మొదళ్ళు కనిపించేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మెట్ల పక్కనున్న బట్టలారబెట్టే డ్రయ్యర్‌లో పేరుకున్న నూగు రాజుకుని మెట్ల దారంతా పొగ కమ్మేసింది. నేను కుర్చీ ఎక్కి ఆ కిటికీలోంచి బయటపడబోయాను (తల కూడా పూర్తిగా పట్టలేదు, ఒక చెవి లోపలే ఉండిపోయింది). పైన పిన్ని కరెంటు ఆపేసి, పొగ పలచబడ్డాక వచ్చి నన్ను పైకి లాక్కెళ్ళింది. దగ్గు ఆగగానే, "బాబాయ్, ఆ గదికి మనిషి పట్టే కిటికీ పెట్టించండి," అన్నాను.

"ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ కాలిపోలేదమ్మా."

"కాలిపోయినవాళ్ళొచ్చి కంప్లెయింట్ చేయరు కదా."

"గోడ కట్ చేయించాలి. బయట గొయ్యి తవ్వితే నా గోంగూర మడి పోతుంది."

"గోంగూర మళ్ళీ మొలుస్తుంది బాబాయ్. నేను మొలవను."

ఆ సాయంత్రమే పరుపు పైకి ఈడ్చుకొచ్చి హాల్లో టీవీ ముందు పరిచాను. వారమంతా అక్కడి నుంచి కదల్లేదు. శనివారం క్రికెట్ చూడటానికి వచ్చిన ఆయన స్నేహితులు పరుపు చుట్టూ తిరిగి సోఫా చేరారు. "ఇక్కడ పడుకున్నావేంటమ్మా?" అని ఒక అంకుల్ అడిగితే, "కింద నుంచి బయటికి దారి లేదంకుల్," అన్నాను. ఆయన బాబాయి వైపు తిరిగి, "ఇక్కడి రూల్స్ ప్రకారం అలాంటి గదిని బెడ్‌రూమ్ అని కూడా అనకూడదు కదా," అన్నాడు. బాబాయి టీవీ సౌండ్ పెంచాడు. సోమవారం కాంట్రాక్టర్‌కి ఫోన్ చేశాడు.

కాంక్రీటు గోడ కోస్తున్నన్నాళ్ళూ మా ఇంట్లో సాంబారు కూడా కరకరలాడింది. చివరికి పెద్ద కిటికీ, దాని బయట చుట్టూ రేకు బిగించిన గొయ్యి, ఎక్కడానికి నిచ్చెన అమరాయి. పని రూల్ ప్రకారం ఉందో లేదో చూడటానికి సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి, కిటికీ తెరిచి చూపించమన్నాడు. నేను ముందుకు కదిలితే పిన్ని, "నువ్వాగు," అంది. ఎప్పుడూ గొంతు పెంచని మా పిన్ని చీర కుచ్చిళ్ళు ఎగదోపి, స్టూలెక్కి, కిటికీ దాటి, నిచ్చెన మీదుగా పెరటి గడ్డిలో తేలింది.

"బానే ఉంది, ఇంక లోపలికి రా," అన్నాడు బాబాయి.

పిన్ని చేతులకంటిన మట్టి దులుపుకుంది. "వంటింటి కిటికీ కూడా పెద్దది చేయిస్తానంటే వస్తా. అడిగీ అడిగీ నా నోరు నొప్పెట్టింది."

ఇన్‌స్పెక్టర్‌కి తెలుగు రాదు. అయినా బాబాయి మొహం చూసి గబగబా సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. బాబాయి ఒప్పుకునేదాకా పిన్ని ఆ గడ్డిలోనే కూర్చుంది. నేను టీ కలిపి కిటికీలోంచే అందించాను.

ఇప్పుడు నాకూ ఇల్లుంది, ఆఫీసులో పెద్ద హోదా ఉంది. వీడియో మీటింగుల్లో నచ్చనిదానికి కూడా తల ఊపేస్తున్నాను. అప్పుడప్పుడు ఆ నోరున్న పిల్ల గుర్తొస్తుంది. ఈ తల ఊపడం చూస్తే ఏమనేదో తలుచుకుని, కెమెరా ఆపేసి కాసేపు నవ్వుకుంటాను.