వేలికి తెలిసిన గాటు

మా చిన్న చెల్లెలికి పుట్టుకతోనే చూపు లేదు. నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది. వీధి మలుపులో ఎవరైనా జేబులో తాళంచెవులు కదిపితే, అవి ఏ ఇంటివో మేడ మీద నుంచే చెప్పేస్తుంది. ఇందులో సగం కొట్టేసి నమ్మినా నాకు అభ్యంతరం లేదు. ఆ శుక్రవారం సంగతి మాత్రం పూర్తిగా నమ్మాలి. నేను అక్కడే ఉన్నాను.

చూపులేనివారి లైబ్రరీలో ఇరవై ఆరేళ్ళుగా తను బ్రెయిలీ పుస్తకాలు అచ్చు వేస్తోంది. ఆ అచ్చు యంత్రం కూత పెడితే పక్క వీధిలో కుక్కలు కూడా మొరగడం ఆపి వింటాయి. దాని వెడల్పాటి కేబులు ఆ గదిలోని పాత కంప్యూటరుకు తప్ప దేనికీ పట్టదు. ఆ కంప్యూటరేమో, పదో తరగతి లెక్కల పుస్తకం ఏడో అధ్యాయానికి రాగానే మెమరీ చాలక బిగుసుకుపోతోంది. పరీక్షలకు ఇంకా పద్దెనిమిది రోజులే. పదకొండుమంది ఆడపిల్లలు ఆ పుస్తకం మీదే ఆశ పెట్టుకున్నారు.

లైబ్రరీ మేనేజరు కంప్యూటరు కంపెనీ ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చాడు. యంత్రం, కంప్యూటరు రెంటినీ తుక్కుకు పంపేస్తానన్నాడు.

"దీని మెమరీ పెంచడానికి సరిపోయే ర్యామ్ ముక్క ఇప్పుడు తయారవడం లేదమ్మా," అన్నాడు ఇంజనీరు.

"పోనీలే. ఇదేంటో చూడు." కింది అంతస్తు ఆఫీసువాళ్ళు పారేసిన కంప్యూటర్లోంచి తనే ఊడదీసిన ర్యామ్‌ను చెల్లెలు సంచిలోంచి తీసి ఇచ్చింది.

అతను స్టిక్కరు చదివాడు. "ఇది ఎనిమిది వందల వేగంది. మీ బోర్డు ఐదొందల ముప్పై మూడు దాటదు. పెట్టకూడదు."

"నాకు స్టిక్కర్లు కనపడవు నాయనా, అంచు మీది గాటు తెలుస్తుంది. పాతదానికి గాటు ఎక్కడుందో దీనికీ అక్కడే ఉంది. తరం మారితే గాటు జరుగుతుంది, స్లాటులో కూర్చోదు. ఇది అదే తరంది. బోర్డు ఎంత నడిస్తే ఇదీ అంతే నడుస్తుంది. నీ బండి ట్రాఫిక్‌లో మెల్లగా నడవట్లా?"

"బోర్డు కాలిపోతేనో?" అన్నాడు మేనేజరు.

"తుక్కులో వేసేదాని మీద మీకింత ప్రేమ ఎప్పట్నుంచి సార్? అన్నయ్యా, ఆ ప్లగ్గు పీకు."

పీకాను. పాత ర్యామ్ పక్కనే కొత్తది నొక్కింది. స్విచ్ వేశాను. మూడు పొడుగాటి బీప్‌లు కొట్టి ఆగిపోయింది.

"చెప్పానా," అన్నాడు ఇంజనీరు.

"మళ్ళీ పీకు అన్నయ్యా. ఈ రెంటికీ పడనట్టుంది." పాతదాన్ని తీసి, కొత్తదాన్ని ఒక్కదాన్నే మొదటి స్లాటులో కూర్చోబెట్టింది. ఈసారి ఒకే ఒక్క పొట్టి బీప్, తెర వెలిగింది.

ఇంజనీరు తెరలోకి తొంగిచూశాడు. "ఐదొందల ముప్పై మూడు మీదే నడుస్తోంది. మీకేం వేగం రాలేదు మేడమ్."

"వేగం ఎవరడిగారు? నాకు చోటు కావాలి. పాతది పావు జీబీ, ఇది ఒక జీబీ."

పుస్తకం తెరిచింది. ఆరో అధ్యాయం దాటింది. ఇక ఏడో అధ్యాయం. అదీ దాటింది. యంత్రం కూత అందుకుంది.

ఆ గోలలోనే మేనేజరు ఓ కాగితం చాపి, తుక్కు పత్రం మీద సంతకం పెట్టమని అరిచాడు. మా చెల్లెలు దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి తిరిగి ఇచ్చేసింది.

"మరీ పల్చగా ఉంది సార్, దీని మీద బ్రెయిలీ చుక్కలు నిలవవు. పదకొండు కాపీలు అయ్యాక రండి. అప్పటికి సైన్సు పుస్తకం మొదలుపెట్టి ఉంటాను."