మూత తీయని ఆయిల్ డబ్బా

మా మామ పోయాడని ఫోను వచ్చేసరికి నేను హిందూపురంలో మా షాపు ముందు నిలబడి ఒక కారాయనతో గొడవ పడుతున్నాను. ఆయిల్ మార్చడానికి మూడు వందల కూలీ ఏమిటి, ఇంట్లో మార్చుకుంటే అవి మిగిలిపోయేవి కదా అని ఆయన వాదన. నా భార్య ఆసుపత్రి నుంచి ఒకటే మాట చెప్పింది, నాయన పోయినాడని. ఫోను పెట్టేశాక కూడా ఆ కారాయన, ఇంతకీ ఏమైనా తగ్గిస్తావా లేదా అని అడిగాడు. షట్టర్ కిందికి లాగేశాను. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండా పోయాడు మా మామ.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచి ఉంది, రాస్తాను. అయితే మంచొక్కటే రాస్తే అది మా మామ గురించి రాసినట్టు కాదు. ఆయన్ను తెలిసినవాళ్లెవరూ అది చదివి ఆయనని గుర్తుపట్టలేరు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. మా నాయన నా చిన్నతనంలోనే పోతే నన్ను పెనుకొండలో తన ఇంట్లో పెట్టుకుని పెంచాడు. బస్సు డ్రైవరు. బండి నడిచేటప్పుడు ఇంజన్ మీద చెయ్యి పెట్టించి, ఎక్కడ వణుకుతోందో కళ్లు మూసుకుని చెప్పమనేవాడు. తప్పు చెబితే మొట్టికాయ. ఈ రోజు నేను ఇంజన్ మీద చెయ్యి పెట్టి జబ్బు చెప్పగలుగుతున్నానంటే ఆ మొట్టికాయల పుణ్యమే. పెద్దయ్యాక తన కూతుర్ని నాకిచ్చి చేశాడు. హిందూపురంలో షెడ్డు పెట్టుకోవడానికి అడ్వాన్సు కూడా ఆయనే కట్టాడు. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. కాబట్టి నేను చెప్పాలి.

ఇక రెండో సంగతి. షెడ్డు పెట్టించిన మనిషి తన కారును ఒక్కసారి కూడా ఆ షెడ్డు గడప తొక్కించలేదు. రిటైరయ్యాక పాత తెల్ల కారు ఒకటి కొన్నాడు. దానికి ఆయిల్ మార్చడమంటే పెనుకొండలో మా వీధికంతా తమాషా. ముందు చక్రాలను రెండు బండరాళ్ల మీదికి ఎక్కించి, లుంగీ ఎగ్గట్టి, మా అత్త బియ్యం కడిగే బేసిన్ తెచ్చి కిందపెట్టి దూరేవాడు. నల్లటి ఆయిల్ ధారగా కారుతుంటే కింద నుంచే ఉపన్యాసం మొదలయ్యేది. "షాపుకు పోతే వాళ్లు చేసేదీ ఇదేప్పా. మద్దెలో టీ తాగుతారు. ఆ టీకి దుడ్లు మనం కట్టాల." వీధిలో వాళ్లంతా నవ్వేవాళ్లు. షాపు నడుపుకునే అల్లుణ్ని నేను, అక్కడే అరుగు మీద కూర్చుని ఉండేవాణ్ని.

మీరే చెప్పండి. కొత్త ఆయిల్ నేను కొన్నా అదే ధర, ఆయన కొన్నా అదే ధర. మిగిలేది కూలీ ఒక్కటే. ఆ కూలీ మిగిల్చుకోవడానికి ఒక పూట పోతుంది. ఒక లుంగీ మళ్లీ కట్టుకోవడానికి పనికి రాకుండా పోతుంది. ఫిల్టరు ఈసారికి వద్దులే, వచ్చేసారి చూద్దాం అని పాతదే ఉంచేస్తాడు, దాని వల్ల కొత్త ఆయిల్ కూడా తొందరగా చెడుతుంది. గడప ముందు మరక పడితే మా అత్త ముగ్గు వేయలేక పక్కకు జరగాలి. బేసిన్ తోముకోవాల్సింది ఆమె, లుంగీ ఉతకాల్సింది ఆమె. ఆ సబ్బుకు డబ్బు ఎవరు కడతారు? ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా మా మామ నాలుక చప్పరించేవాడు. కారిన ఆయిల్‌ను మాత్రం డబ్బాలో పోసి భద్రంగా దాచేవాడు. కనగానపల్లి రైతొకాయన వచ్చి, కంచె గుంజలకు చెదలు పట్టకుండా పూయడానికి తీసుకుపోయేవాడు. ఆయనకూ అదే ఉపన్యాసం.

ఇదంతా నవ్వుకుని వదిలేసే రకమే. నాలుగేళ్ల కిందటి దసరా దాకా నేనూ నవ్వుకుంటూనే ఉన్నాను.

ఆయుధ పూజ ముందురోజు సాయంత్రం ఆయన పాత ఆయిల్ దించాడు. కింద బోల్టు మళ్లీ బిగించాడు. కొత్త ఆయిల్ పోయబోతుంటే మా అత్త లోపలి నుంచి కేక వేసింది, పొద్దు గూకుతోంది, సామాన్లు కడిగి దేవుని దగ్గర పెట్టాలని. మా ఇళ్లలో సంగతి మీకు తెలిసిందే. పూజకు పెట్టిన పనిముట్టును ఆ రోజంతా ముట్టుకోరు, మరుసటి రోజు మొక్కి తీసుకోవాల్సిందే. స్పానర్లు, గరాటు, జాకీ, వాటితో పాటు కొత్త ఆయిల్ డబ్బా కూడా దేవుని గూట్లోకి చేరాయి. అన్నిటికీ పసుపు, కుంకుమ. పూజయ్యాక, మర్నాడు ఆయిల్ పోసుకుందాంలే అనుకున్నాడు. తెల్లారేసరికి ఇంటి నిండా చుట్టాలు. గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నిమ్మకాయలు నలగాలంటే బండి కదలాలి కదా. ఆ సందడిలో ఆయిల్ సంగతి మరిచిపోయి, ఆయన ఎక్కి స్టార్ట్ చేశాడు. ఆయిల్ లేదని ఎర్రదీపం వెలిగే ఉంటుంది. మీటర్ల అద్దం మీద అరచేతి మందాన గంధం, దాని మీద కుంకుమ. దీపం ఎవరికి కనబడుతుంది?

నిమ్మకాయలు నలిగాక ఆగి ఉన్నా బాగుండేది. హిందూపురంలో కిరాణా వ్యాపారం చేసే ఆయన తమ్ముడు, మా చిన్నమామ, కూతురి పెళ్లికి పట్టుచీరలు చూడాలి, ఎటూ బండి తీశావు కదా, ధర్మవరం పోయొద్దాం అన్నాడు. అన్నదమ్ములిద్దరూ, చిన్నమామ భార్యా, కూతురూ, నలుగురూ ఎక్కారు. ఊరు దాటి పెద్ద రోడ్డెక్కిన కాసేపటికే ఇంజన్ గణగణమని కొట్టుకుని బిగుసుకుపోయింది. ముప్పై ఏళ్లు బస్సు తోలి ఏనాడూ దారిలో ఆగని మనిషి, పండగ రోజు తమ్ముడి ముందు, మరదలి ముందు, రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నిలబడ్డాడు. తమ్ముడు ఏమైందని అడిగాడు. అప్పుడు మా మామ నోట వచ్చిన మాట ఇది.

"మొన్ననే అల్లుని షాపులో ఆయిల్ మార్పించినా. సరిగా పోసినట్టు లేదు."

అంతే. చిన్నమామకు ఆ మాట చాలు. ఆయన కిరాణా కొట్టు దగ్గర రోజుకు ఎంతమంది ఆగుతారో, అంతమందికీ అది చేరింది. సొంత మామ బండికే ఆయిల్ పోయని మెకానిక్కు మన బండికి పోస్తాడా అని నవ్వుకున్నారట.

నాకు తెలిసిన వెంటనే పెనుకొండ వెళ్లాను. దేవుని గూట్లో డబ్బా ఇంకా అట్లాగే ఉంది, బొట్టుతో సహా, మూత తీయకుండా. దాన్ని చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన దాని వంక చూడలేదు. ఆ మాట వెనక్కి తీసుకోమన్నాను. ఒక్క చిన్నమామకు చెప్పినా చాలన్నాను.

"నీకు షాపు ఉండాదప్పా. నాకు పేరొక్కటే ఉండాది" అన్నాడు.

"ఆ షాపు నడిచేది పేరు మీదనే కదా మామా" అన్నాను.

లేచి లోపలికి వెళ్లిపోయాడు. మా అత్త వంటింటి గడపలో నిలబడి అంతా విన్నది, ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఊరంతా తిరిగి చాటుకునేవాణ్నే. నా భార్య బతిమాలింది, ఈ వయసులో నాయనను అబద్ధాలకోరును చేయొద్దని. తిన్న అన్నం గుర్తొచ్చి నేనూ నోరు మూసుకున్నాను.

అక్కడితో అయిపోతే మేలు. కారును తాడు కట్టించి హిందూపురానికి లాక్కొచ్చి, ఇంజన్ మొత్తం విప్పి, నా సొంత డబ్బుతో బాగు చేసి పంపాను. ఎంతైనా మామ. జనం దానికి కూడా అర్థం తీశారు. తప్పు వాడిది కాకపోతే ఊరికే ఎందుకు బాగు చేసిస్తాడు అన్నారు. చిన్నమామ తన సరుకుల ఆటోను వేరే షెడ్డుకు మార్చాడు. ఆయన వెనక బజారులో మిగతా వ్యాపారుల బండ్లు ఒకటొకటే జారుకున్నాయి. వచ్చేవాళ్లు కూడా ఆయిల్ పోసేటప్పుడు పక్కనే నిలబడి డబ్బా వంకే చూసేవాళ్లు. పోశాక ఆయిల్ మట్టం చూసే గేజి పుల్ల లాగి చూపించమనేవాళ్లు. ఈ నాలుగేళ్లూ ఆ చూపుల కింద పని చేశాను. మూడు వందల కూలీ మీద మా మామ మిగిల్చిన లాభం ఇది.

చివరి వారం ఆసుపత్రిలో ఆయన దగ్గర నేనే కూర్చున్నాను. మనిషి బాగా చిక్కిపోయాడు, కళ్లలో మాత్రం పొగరు తగ్గలేదు. ఒక మధ్యాహ్నం నా భార్య మందులకు వెళ్లినప్పుడు చెయ్యి ఊపి దగ్గరికి రమ్మన్నాడు. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను. ఆయిల్ ఇప్పుడు లీటరు ఎంత పలుకుతోంది అని అడిగాడు. చెప్పాను. ముఖం చిట్లించి, దోచుకుంటాండారు అని అటు తిరిగి పడుకున్నాడు. మా మామ నాతో మాట్లాడిన ఆఖరి మాట అది. దహనం దగ్గర కూడా నా చెవిలో అదే మోగుతుంటే పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

పెద్దకర్మ రోజు పెనుకొండ ఇంటి ముందు షామియానా కింద భోజనాలు జరుగుతున్నాయి. నేను వడ్డిస్తున్నాను. చిన్నమామ పక్కనున్నవాళ్లతో అంటున్నాడు, ఆ కారు చెడిపోయినప్పటి నుంచే మా అన్న మనసు విరిగిపోయింది, ఆ దిగులే మనిషిని తినేసింది అని. అంటూ నా వైపు చూశాడు. చేతిలో సాంబారు బకెట్టు ఉంది. దాన్ని ఆయన నెత్తిన దిమ్మరించాలన్నంత కోపం వచ్చింది. బకెట్టు కింద పెట్టాను, ఎందుకైనా మంచిదని. నోరు తెరవబోయాను. ఈలోపే గుమ్మం దగ్గర మా అత్త గొంతు వినిపించింది. మైలలో ఉన్న మనిషి, పది మంది ముందుకు రాకూడదని లోపలే కూర్చోబెట్టారు. లేచి వచ్చేసింది.

"మరిదీ, ఆ ఆయిల్ ఈ ఇంట్లోనే దించినాడు మీయన్న. కొత్త డబ్బా దేవుని గూట్లో ఉండె. దానికి బొట్టు పెట్టింది నేనే. మూత గూడా తియ్యలేదు."

విస్తళ్ల ముందు ఒక్కరి చెయ్యీ కదల్లేదు. చిన్నమామ ఏదో గొణిగాడు, అన్న అట్ల చెప్పినాడు కదా అని. మా అత్త ఆయన వంక చూడకుండా, "ఆయప్ప ఉండంగా చెప్పలేకపోతి. ఇప్పుడు చెప్తాండా" అని లోపలికి పోయింది.

నాలుగేళ్లు దేనికోసం ఎదురుచూశానో అది జరిగింది. సంతోషం కలగాలి కదా, కలగలేదు. ఇంకా మండింది. అత్త మీద మండింది, ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే ఏం పోయేదని. మామ మీద మరీ మండింది. ఆయన నోటితో చెప్పాల్సిన మాటను ఆమె నెత్తిన పెట్టి దర్జాగా పోయాడు. నేను పోట్లాడాల్సింది ఆయనతో. ఆ మనిషే లేడు. ఇక ఎవరితో పోట్లాడను?

కర్మలయ్యాక ఒక ఆదివారం అత్త ఫోను చేసింది. కారుకు ఆయిల్ మార్చే సమయం దాటిపోయిందట, వచ్చి మార్చమంది. షాపుకు తెచ్చుకుంటాను, అక్కడైతే సామాను ఉంటుందన్నాను. షాపులో వద్దు, ఈ వీధిలోనే మార్చాలంది. ఎందుకని అడిగితే, వస్తే తెలుస్తుందిలే అని పెట్టేసింది.

వెళ్లాను. కారును రాళ్ల మీదికి ఎక్కించి కిందకు దూరాను. అత్త ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చుకుని వీధిలోనే, కారు పక్కనే వేసుకుని కూర్చుంది. నాకు కింద నుంచి కాళ్లే కనబడుతున్నాయి. ఒక జత చెప్పులు వచ్చి ఆగుతాయి. పైనుంచి అత్త గొంతు, మా అల్లుడు ఆయిల్ మారుస్తాండాడు, చూసిపో, అని. ఆ చెప్పులు కాసేపు నిలబడి పోతాయి. ఇంకో జత వస్తుంది. మళ్లీ అదే మాట, అదే గొంతు. ఒక్కరినీ వదల్లేదు. అడగనివాళ్లకు కూడా పిలిచి చెప్పింది. కాసేపటికి తళతళలాడే తోలు చెప్పులు వచ్చి ఆగాయి. చిన్నమామవి. ఆయనకు ఆమె ఏమీ చెప్పలేదు. ఆయనా కదల్లేదు.

స్పానర్ వేశాను. బోల్టు తిరగడం లేదు. సరిపోని స్పానర్‌తో బలవంతంగా బిగించీ బిగించీ దాని అంచులన్నీ అరగదీశాడు మా మామ. పట్టు దొరకడం లేదు. మోచేయి కొట్టుకుపోయింది. ఒక్క ఊపున లాగితే బోల్టు ఊడి, నల్లటి ఆయిల్ మోచేతి దాకా కారింది. ఇక ఆగలేకపోయాను. బూతు మాట మిగల్చకుండా మా మామను తిట్టాను, గొంతెత్తి, వీధంతా వినేటట్టు. గొంతు బొంగురుపోయి, కళ్లలో నీళ్లు తిరిగి, ఆ తిట్లు సగంలో ఆగిపోయాయి.

తోలు చెప్పులు వెనక్కి జరిగాయి. కుర్చీ కింద అత్త కాళ్లు మాత్రం కదల్లేదు.

"ఆపొద్దు నాయనా, ఇంకా తిట్టు" అంది. "ఈ ఇంట్లో ఆయప్ప పేరు వినపడి శానా దినాలాయె."