రజియా కుర్చీలో కూర్చున్నాను

ఏళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. దాన్ని మోస్తూనే వండాను, తిన్నాను, మనవరాలికి జడలు వేశాను. ఎవరూ కనిపెట్టలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళైతే చెబుతుండగా నా ముఖం చూస్తారు. అది నేను భరించలేను.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. అంతకుముందు పత్తి ఏరాను, మిరపకాయలు కోశాను. మా ఆయన పోయాక, రెండు వేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో, ప్రత్తిపాడులో ఒక కంప్యూటర్ టైపు షాపులో చేరాను. ఊడవడం, మంచినీళ్ళు పట్టడం, టీలు తేవడం నా పని. సాయంత్రాలు పెద్దవాళ్ళ బడిలో అ ఆలు దిద్దేదాన్ని.

ఆ షాపులో టైపు చేసే పిల్ల పేరు రజియా. ఇరవై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్నకు బస్టాండు దగ్గర సైకిలు షాపు ఉండేది. ఆడపిల్లను పనికి పంపనని ఆయన పట్టుబట్టినా, అన్నం మానేసి మరీ ఒప్పించుకుని వచ్చింది. నన్ను పిన్నీ అనేది. ఓనరు బయటికి వెళ్ళగానే తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, నా వేలు పట్టుకుని ఏ మీట మీద ఏ అక్షరం ఉందో చూపించేది. ఓనరుకు తెలిస్తే ఇద్దరికీ తిట్లే. అయినా చూపించేది.

షాపులో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. విడిభాగాలు కొని బిగించింది కాదు, కంపెనీలోనే తయారై వచ్చింది. చాలా నెమ్మది. పేజీ మార్చమంటే ఆలోచించి ఆలోచించి మార్చేది. మిరప సీజను దాటాక దీన్ని అమ్మేసి, పనులు గుంటూరు పంపి చేయిస్తానని ఓనరు అనడం మొదలుపెట్టాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నడుములో పాత నొప్పి లేచేది. పెట్టె పోతే ఆ కుర్చీ పోతుంది. నేను మళ్ళీ పత్తి చేలోకే.

ఒకసారి గుంటూరు నుంచి మెకానిక్ వచ్చి మూత విప్పాడు. వేగం పెంచడానికి ఏదైనా దారి ఉందా అని రజియా అడిగింది. కంపెనీ వాళ్ళు వేగానికి తాళం వేసి ఇచ్చారని, సెట్టింగుల్లోకి వెళితే తేదీ, టైము తప్ప మార్చడానికేమీ లేదని అతను నవ్వాడు. తర్వాత, తనకు తెలిసిన విద్య చూపించుకోవాలని కాబోలు, లోపలి నుంచి పెద్ద క్యాసెట్టులాంటి నల్లటి ముక్క ఒకటి బయటికి లాగాడు. కంప్యూటరు మెదడు అదేనట. దాని అంచున సన్నటి బంగారు గీతలు. బి వైపు ఇరవై ఒకటో గీత మీద గోళ్ళరంగు పూసి మూసేస్తే, తాళం సంగతి దానికి తెలియదు, ఒకటిన్నర రెట్లు వేగంగా పరుగెడుతుంది అన్నాడు. కానీ ఇందులో ఉన్న మెమరీ ఆ వేగానికి తట్టుకోదు, వేడెక్కితే కొట్టిన అక్షరాలు లోపలే చెదిరిపోతాయి, చేయకూడదు అని కూడా అన్నాడు. రజియా సరేనని వదిలేసింది.

నేను వదల్లేదు.

రంజాన్ పండక్కి రజియా రాలేదు. ఓనరు కాగితం కొనడానికి గుంటూరు వెళ్ళాడు. మధ్యాహ్నం. షట్టరు సగం దించాను. స్క్రూలు విప్పాను. ఆ నల్ల ముక్కను లాగాను. చీపురుపుల్ల కొనతో గీతలు లెక్కపెట్టాను. రజియా డ్రాయరులో ఉన్న గోళ్ళరంగు పూశాను. ఎందుకు చేశాను? కూలికి పోవలసి వస్తుందన్న భయమా? లేక నిన్నమొన్నటిదాకా వేలిముద్ర వేసినదాన్ని, బి అంటే ఏదో తెలుసుకుని, అందులో ఇరవై ఒకటో గీత పట్టుకోగలిగానన్న గర్వమా? భయమని చెప్పుకుంటే కాస్త జాలిగా ఉంటుంది. గర్వమే ఎక్కువ.

పెట్టె గుర్రంలా పరుగెత్తింది. మెకానిక్ బాగా శుభ్రం చేశాడనుకున్నారు. చలికాలమంతా బాగానే నడిచింది. అమ్మే మాట ఓనరు నోట మళ్ళీ రాలేదు.

తర్వాత మిరప కోతలు వచ్చాయి. మా ఊళ్ళల్లో ఆ రోజుల్లో గాలిలోనే కారం ఉంటుంది. మిషన్లలోకి ఆ ఘాటు పోకూడదని టీవీకి, ఫ్యానుకి, కుట్టుమిషనుకి గలీబులు తొడుగుతాం. కంప్యూటరుకూ తొడిగాం. ఆపి తొడిగితే పరవాలేదు, మేము నడుస్తుండగానే తొడిగేవాళ్ళం. ఆ గలీబు కుట్టింది నేను. తన వేగంతో నడిచి ఉంటే దాన్ని కూడా ఓర్చుకునేదేమో. అది ఊపిరాడక ఉడికిపోయింది. మధ్యలో ఆగిపోవడం మొదలైంది. నాకు వెంటనే అర్థమైంది. ఆ రంగు గీకేద్దామనుకున్నాను. ఒంటరిగా ఉండే అవకాశం దొరికింది కూడా. గీకలేదు. గీకితే మళ్ళీ నత్త అవుతుంది, అమ్మేస్తాడు. రేపు చూద్దాం అనుకున్నాను.

ఆ రేపటిలోపే రైతు సంఘం వాళ్ళ పుస్తకం పోయింది. రజియా నెలంతా కూర్చుని కొట్టిన పుస్తకం. తెరిస్తే చుక్కలు, డబ్బాలు, పిచ్చి గీతలు. ఫ్లాపీల్లో దాచినవీ అంతే. చెదిరినవాటినే దాచుకుంది పాపం.

ఆ రోజు మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

"పాటల సీడీలు పెట్టావా, లేదా?" అన్నాడు ఓనరు.

"లేదండీ. మా అమ్మ మీద ఒట్టు."

"మరి వైరస్సు దానంతటదే బస్సెక్కి వచ్చిందా?"

బల్ల మీద కూర్చున్న సంఘం పెద్దాయన నోట్లో చుట్ట తీసి అన్నాడు. "నారు పోసే చెయ్యి మంచిది కాకపోతే మొలకే రాదు బాబూ. ఈ పిల్ల హస్తవాసే అంత. ఇంకోళ్ళని చూసుకో."

రజియా నా వైపు తిరిగింది. "పిన్నీ, రోజూ నా పక్కనే ఉంటావుగా. చెప్పు పిన్నీ, నేనేమన్నా చేశానా?"

"నాకేం తెలుసమ్మా," అన్నాను. "అక్షరమ్ముక్క రానిదాన్ని."

అది అబద్ధమని ఆ గదిలో తెలిసింది రజియాకు ఒక్కదానికే. నాకు అక్షరాలు చూపించిన వేళ్ళు ఆమెవి. ఒక్క మాట అంటే నా గుట్టు బయటపడేది. అనలేదు. పని పోతుందని భయపడుతున్నానని అనుకుని ఉంటుంది. "సర్లే పిన్నీ," అంది. చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. చెప్పానా, ఆడపిల్లను పనికి పంపితే ఇంతే అన్నాడట వాళ్ళ నాన్న. ఆ ఏడే దర్శి దగ్గర ఎవరికో ఇచ్చి చేశారు.

ఓనరు ఇంకో మనిషి కోసం వెతికాడు. దొరకలేదు. ఒకరోజు నేను కొడతానన్నాను. అక్షరం రాదన్నావుగా అన్నాడు. చూసి చూసి పట్టుబడిందన్నాను. అబద్ధం మీద అబద్ధం. ఆ కుర్చీలో కూర్చున్నాను. ఈలోగా మెకానిక్ వచ్చి లోపలున్నవన్నీ చెరిపి కొత్తగా ఎక్కించి వెళ్ళాడు. మూత తెరవనే లేదు. ఇక దాని జోలికి ఎవరూ పోకూడదని, ఓనరు ఆ మూత మీద కాగితం అంటించి సంతకం పెట్టాడు. ఆ సంతకం వెనకాల నేను పూసిన రంగు ఉంది. తీయలేను, చెప్పలేను. గలీబు తీసేశాను. టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి, నేను చెమటలో కూర్చున్నాను. అది ఆగకుండా నడిచింది. నీ హస్తవాసి మంచిదమ్మా అని వచ్చినవాళ్ళందరూ అనేవాళ్ళు. ఆ మాట విన్న ప్రతిసారీ మీటల మీదికి వంగి ఇంకాస్త గట్టిగా కొట్టేదాన్ని. లేచి వెళ్ళిపోవచ్చుగా అని మీరడగవచ్చు. ఎక్కడికి? చేలోకా? ఐదేళ్ళు అలాగే కూర్చున్నాను, షాపు మూతపడేదాకా.

తర్వాత ఒక వేసవిలో గుంటూరులో, కోల్డ్ స్టోరేజీ ముందు మిరపకాయల తొడాలు తీస్తున్న ఆడవాళ్ళ మధ్య రజియా కనిపించింది. ముఖానికి గుడ్డ కట్టుకుని ఉన్నా కళ్ళు గుర్తుపట్టాను. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకోబోయి, కారం అంటుతుందని వెనక్కి తీసుకుంది. నేను తన కుర్చీలో చేరిన సంగతి అప్పట్లోనే విన్నదట, ఇంకా టైపు కొడుతున్నావా పిన్నీ అని సంతోషంగా అడిగింది. నువ్వు మళ్ళీ కొట్టలేదా అన్నాను.

"అమ్మో, నేను ముట్టుకోను పిన్నీ. మావాళ్ళింట్లో కంప్యూటరుంది, అయినా దాని దగ్గరకే పోను. నా చెయ్యి పడితే పాడైపోద్ది."

నవ్వుతూనే అంది. నమ్మి అంది. అప్పుడైనా చెప్పాలి. నోరు తెరిచాను. పిల్లలెంతమంది అని అడిగాను.

నీ చెయ్యి మంచిదే రజియా. చెడగొట్టింది నేను. ఇదిగో, రాశాను. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో తెలియదు. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. కానీ ఇది రాయవలసింది ఆమెకు. మీకు రాశాను.